కుక్కకు ఇన్సూరెన్స్: మన జిల్లాల్లో పనికొస్తుందా?

పాలమూరు_లాబ్రడార్:
మా లాబ్రడార్‌కు రెండేళ్లు నిండాయి. పాలసీ తీసుకోమని ఏజెంటు ఒకటే ఫోన్లు. ఏడాదికి నాలుగు వేల పైచిలుకు అట. కట్టేసి నిశ్చింతగా ఉందామని మా ఆవిడ అంటోంది. ఆ డబ్బేదో పక్కన దాచుకుంటే సరిపోదా అని మా నాన్న. ఇప్పటికే తీసుకున్నవాళ్లు క్లెయిమ్ సంగతి చెప్పండి. ప్రకటనలో రాసింది కాదు, చేతికి ఎంత వచ్చిందో కావాలి.

నల్లగొండ_షెపర్డ్:
నా చేతికి ఏమీ రాలేదు, కాబట్టి వద్దనే అంటాను. మా షెపర్డ్‌కు గోమార్లు పట్టి టిక్ ఫీవర్ వచ్చింది. రక్తపరీక్షలు, రోజూ సెలైన్లు, బాగానే ఖర్చయింది. కాగితాలన్నీ పంపితే కంపెనీ వాళ్లు, 'ఆస్పత్రిలో అడ్మిట్ చేయలేదు కదా, ఓపీ ఖర్చు మీ పాలసీలో లేదు' అన్నారు. దానికి విడిగా ప్రీమియం కట్టాలట. పైగా డాక్టరు చిట్టీ మీద రిజిస్ట్రేషన్ నంబరు లేదని ఇంకో మెలిక.
మన దగ్గర కుక్కను ఎవరు అడ్మిట్ చేసుకుంటారన్నా? పొద్దున బండి మీద తీసుకెళ్లి సెలైన్ ఎక్కించి, మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చుకుంటాం. ఆ పాలసీలు హైదరాబాద్‌లో ఉండేవాళ్ల కోసం రాసినవి.

హాలియా_పాడి:
మేం బర్రెలకు చేయిస్తాం. కుక్కల పాలసీ సంగతి తెలియదు గానీ కాగితాల గోస మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే. బీమా నంబరుతో చెవికి వేసే పోగు ఊడిపోతే క్లెయిమ్ ఉండదు. మా పాలివాళ్ల బర్రె చెవి కంపకు తగిలి తెగింది, పోగు ఎక్కడ పడిందో ఏమో. కొత్తది వేయించేలోపే బర్రె చచ్చింది. డాక్టరు పోస్టుమార్టం రాసిచ్చినా పైసా రాలేదు.
ఒక తేడా ఉంది. పశువుల బీమా జాతీయ పశుసంపద మిషన్ కింద నడుస్తుంది. 2024లో రైతు వాటాను 15 శాతానికి తగ్గించారు, మిగతా ప్రీమియం కేంద్రం, రాష్ట్రం 60:40గా భరిస్తాయి. అది చస్తే వచ్చే డబ్బు, మందుల ఖర్చుకు కాదు. జబ్బు చేస్తే 1962కు ఫోన్ కొడతాం, పశువైద్యం బండి వస్తుంది. కుక్కకు మొత్తం ప్రీమియం మీరే కట్టుకోవాలి. బర్రె పోతే ఇంటి రాబడి పోతుంది. కుక్కకు ఆ లెక్క ఎక్కడిది?

కల్వకుర్తి_అక్క:
తమ్ముడూ, లెక్క లేకపోవడమేంటి? నడవలేక మూలుగుతుంటే రాబడి చూసుకుని వైద్యం చేయిస్తామా?
మా కుక్కను బైకు గుద్దితే వెనక కాలు విరిగింది. హైదరాబాద్ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించి ప్లేటు వేయించాం. డబ్బు వచ్చింది. బిల్లంతా కాదు, కొంత కోసేసి ఇచ్చారు. ఆపరేషన్‌కు ముందే కంపెనీకి చెప్పాను. ఎక్స్‌రే, డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు, మెడలో బిళ్లతో ఫొటో, ఒక్కటి కూడా వదలకుండా పంపాను. టీకా వేయించకుండా పార్వో (కుక్కలకు వచ్చే వాంతులు, విరేచనాల వైరస్ జబ్బు) వస్తే ఇవ్వరు, పాలసీకి ముందు నుంచే ఉన్న జబ్బుకూ ఇవ్వరు. ఇవన్నీ సంతకం పెట్టేముందే చదువుకోవాలి. కొన్ని పాలసీల్లో మన కుక్క ఎవరినైనా కరిస్తే కట్టాల్సిన పరిహారం కూడా ఉంటుంది, దాని గురించి ఒక్కరూ అడగరు.

నల్లగొండ_షెపర్డ్:
అక్కా, నేను అన్నదీ అదే. మీరు హైదరాబాద్ వెళ్లారు కాబట్టి వచ్చింది. రోజూ వచ్చే జ్వరాలకు, వాంతులకు అంత దూరం పోతామా?

మిర్యాలగూడ_వకీలు:
షెపర్డ్ గారూ, మీరు అక్కడితో వదిలేశారా? ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా పెట్టండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు (ఇది వకీలే చెప్తున్నాడు). ఏడాది దాటనివ్వకండి. కంపెనీ మీద ఫిర్యాదు పెట్టడానికి ఆన్‌లైన్‌లో బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255 నంబరూ ఉంది. అయితే ఓపీ లేదని పాలసీలో స్పష్టంగా రాసి ఉంటే ఎవరూ ఏమీ చేయలేరు. రిజిస్ట్రేషన్ నంబరు లేదన్న కారణం ఒక్కటే అయితే డాక్టరు దగ్గర మళ్లీ రాయించుకుని పంపండి.

పాలమూరు_లాబ్రడార్:
అందరికీ థాంక్స్. 'అడ్మిట్ చేయకుండా సెలైన్ ఎక్కిస్తే డబ్బులిస్తారా?' అని ఏజెంటుకు వాట్సాప్‌లో పెట్టాను, జవాబు రాతలోనే ఉండాలని. 'కనుక్కుని చెప్తా సార్' అన్నాడు. రోజూ ఫోన్ చేసే మనిషి మళ్లీ చేయలేదు. ఈలోగా నాన్న పోస్టాఫీసులో ఆర్‌డీ (నెలనెలా కట్టే పొదుపు) ఫారం తెచ్చి టేబుల్ మీద పెట్టారు.

కల్వకుర్తి_అక్క:
ఆర్‌డీ మొదలుపెట్టిన నెలకే కాలు విరిగితే? మీ నాన్నగారిని అడిగి చెప్పండి.