పిస్తోలు మీద ‘అమల్’, ‘సాహిబ్’

ప్రశ్న: ఒట్టోమన్ (పాత తుర్కీ సామ్రాజ్యం) కాలపు చెకుముకి పిస్తోలు ఫొటో ఒకటి చూశాను. దాని మీద అరబ్బీ లిపిలో ‘అమల్’ అని ఒకచోట, ‘సాహిబ్’ అని ఇంకోచోట, వాటి పక్కన పేర్లు ఉన్నాయట. ఇవి మన అమలు, సాహెబులేనా? కింద 1210 లాంటి అంకెలున్నాయి. ఏ సంవత్సరమో చెప్పగలరా?

జవాబు: అవేనండీ. అరబ్బీలో ‘అమల్’ అంటే పని. మన దగ్గర అది చట్టాలకూ జీవోలకూ అంటుకుపోయింది. పిస్తోలు మీద మాత్రం అసలు అర్థంలోనే ఉంది: ‘అమలె ఫలానా’ అంటే ఫలానావారి పనితనం. ‘సాహిబ్’ అంటే సొంతదారు. మొదటిది చేసినవాడి పేరు, రెండోది చేయించుకున్నవాడిదో కొనుక్కున్నవాడిదో. ఈ రెండూ తారుమారయ్యాయంటే డబ్బున్న ఆసామి కాస్తా గొప్ప పనివాడైపోతాడు!

ఇక అంకెలు. ఆ లిపిలో సున్న అంటే చుక్క. మన సున్నలా గుండ్రంగా కనిపించేది ఐదు. కాబట్టి చివరన ఉన్నది చుక్క కాకపోతే అది 1215. అదీ హిజ్రీ, అంటే ఇస్లామీయ క్యాలెండర్ లెక్క. చాంద్రమాన సంవత్సరం సుమారు పదకొండు రోజులు పొట్టి. నేరుగా 622 కలిపితే 1837 అని తేలుతుంది, అది కుదరదు. ముందు 0.97తో గుణించి ఆ తర్వాత 622 కలపండి: 1800-01. కొన్నిటి మీద మొదటి 1 వదిలేసి 215 అని మాత్రమే చెక్కేవారు, అదీ గమనించండి.

మరొకరు: ‘చెకుముకి’ కూడా అటునుంచి వచ్చిందే కదా? తుర్కీలో ‘చక్మక్’. ఇలాంటి పిస్తోలును వాళ్లు ‘చక్మక్లీ తబాంజా’ అంటారు.

జవాబు: అవును, మన తుపాకి కూడా వాళ్ల ‘తుఫెక్’కు చుట్టమే. అయితే తేదీ ఒక్కటే చూసి వయసు తేల్చకండి. ‘సాహిబ్’ పక్కన ఉన్న సంవత్సరం పిస్తోలు చేతులు మారినప్పుడు చెక్కించుకున్నది కావచ్చు. పేర్లదీ అదే తంతు. గొట్టం మీద ‘లజారినో కొమినాజో’ అని రోమన్ అక్షరాల్లో ఉంటే మరీ జాగ్రత్త. ఆయన ఇటలీలోని బ్రెషా ప్రాంతంలో 17వ శతాబ్దపు గొట్టాల నిపుణుడు. ఆయన పోయిన చాలాకాలానికి కూడా బాల్కన్ (ఆగ్నేయ ఐరోపా) పనివాళ్లు ఆ పేరును, చాలాసార్లు అక్షరాలు తప్పుగా, తమ గొట్టాల మీద చెక్కుతూనే వచ్చారు.

ప్రశ్న అడిగినవారు: దగ్గరగా తీసిన ఫొటో దొరికింది. చివరి అంకె గుండ్రంగానే ఉంది, చుక్క కాదు. ఆ అంకెలు ‘సాహిబ్’ పక్కనే ఉన్నాయి.

జవాబు: అయితే 1800-01 సొంతదారు తేదీ అనుకోండి. ‘అమల్’ పక్కన వేరే అంకెలున్నాయేమో వెతకండి.