పీటర్ సింగర్ వాదన ఒప్పుకుంటే మొత్తం ఒప్పుకోవాల్సిందేనా?

కళ్యాణదుర్గం కుర్రాడు: సింగర్ 1946లో మెల్‌బోర్న్‌లో పుట్టిన తత్వవేత్త. 1971లో తూర్పు బెంగాల్ (ఇప్పటి బంగ్లాదేశ్) శరణార్థులు మన దేశంలో ఆకలితో చస్తుంటే ఒక వ్యాసం రాశాడు, 1972లో అచ్చయింది. దారిలో నీటిగుంటలో బిడ్డ మునిగిపోతుంటే బట్టలు పాడవుతాయని ఆగం కదా, మరి ఆ బిడ్డ వేల మైళ్ల దూరంలో ఉంటే ఎందుకు ఆగుతాం? డబ్బు పంపడం దయ కాదు, బాధ్యత అంటాడు. నాకు నిజమే అనిపించింది. మీరేమంటారు?

పెన్న ఒడ్డు: ముందు మన చెరువుల్లోకి నీళ్లు రానీ తమ్ముడూ, మునగడం సంగతి తర్వాత. ఆ వాదనకు అంతెక్కడ? ఈ నెల ఐదొందలు పంపితే మిగతా జీతం ఎందుకు దాచుకున్నావని మళ్లీ అడుగుతుంది. చెల్లెలి పెళ్లి ఖర్చు, నాయన బోరు అప్పు ఎవరు తీరుస్తారు? పైగా అది ప్రభుత్వం పని. మనం ఇస్తూ పోతే వాళ్లు చేతులు దులిపేసుకుంటారు.

కళ్యాణదుర్గం కుర్రాడు: దానికి వ్యాసంలోనే జవాబుంది అన్నా. జనం ఇవ్వకపోతే, వాళ్లకే పట్టలేదని ప్రభుత్వం ఊరుకుంటుంది. అయినా అనంతపురంలో కూర్చుని ఆ మాట ఎలా అంటావు? స్పెయిన్ నుంచి వచ్చిన ఫెర్రర్ 1969లో ఇక్కడ మొదలుపెట్టిన ఆర్డీటీ అనే సేవా సంస్థకి మన ఊరి మొహం చూడని స్పెయిన్ వాళ్లే కదా డబ్బు పంపింది.

బత్తలపల్లి రోడ్డు: ఆర్డీటీ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. తీవ్ర వైకల్యంతో పుట్టిన పసికందును తల్లిదండ్రులు చంపాలనుకుంటే కొన్ని సందర్భాల్లో తప్పు కాదని రాసింది కూడా ఈ సింగరే. 1999లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో చేరినప్పుడు వికలాంగులు నిరసనకు దిగారు. స్పెయిన్ డబ్బుతో ఇక్కడ అలాంటి పిల్లలకే బడులు నడిచాయి. మా అక్క కొడుక్కి సెరిబ్రల్ పాల్సీ, కాళ్లూ చేతులూ చెప్పిన మాట వినవు. చెంచా తానే పట్టుకుంటాడు. సగం పప్పన్నం చొక్కా మీదే పడుతుంది, అయినా ఎవరైనా తినిపించబోతే మూతి బిగిస్తాడు. వాడి బతుకులో సుఖమెంతో తూకం వేయడానికి ఆయనెవరు?

పెన్న ఒడ్డు: బాగా అడిగావు అక్కా. డబ్బు పంపమన్న మాటా, పసికందు మాటా రెండూ మొత్తం మీద సుఖం పెరిగి దుఃఖం తగ్గితే అదే మంచిదనే ఆ లెక్కలోంచి వచ్చినవే.

కళ్యాణదుర్గం కుర్రాడు: కాదన్నా. గుంటలోంచి బిడ్డను లాగడానికి ఆ లెక్క ఎవరికీ అక్కర్లేదు. వైకల్యం గురించి ఆయనన్నది నేనూ ఒప్పుకోను. దాన్ని పక్కన పెట్టి ఇది తీసుకుంటా.

బత్తలపల్లి రోడ్డు: పక్కన పెట్టనివ్వదు తమ్ముడూ. ఎవరికివ్వాలో కూడా ఆయన లెక్క వేసే చెబుతాడు. ఒక అంధుడికి తోడుగా కుక్కను తయారుచేసే 40,000 డాలర్లతో, ట్రకోమా అనే కంటి జబ్బుతో చూపు పోయే ఎంతోమందిని కాపాడొచ్చంటాడు. ఆ లెక్కన మా వాడి ఫిజియోథెరపీ ఎప్పుడూ ఆఖరి వరుసే. స్పెయిన్ వాళ్లు అలా చూసుకునుంటే ఆ బడి ఉండేదా?

కళ్యాణదుర్గం కుర్రాడు: ఉండేది కాదేమో. కానీ నా జేబులో ఐదొందలే ఉంటే బడికివ్వాలా, కంటి ఆపరేషన్లకివ్వాలా? లెక్క వేయొద్దంటే ఎలా తేల్చుకోను అక్కా?