తొమ్మిదో తరగతి నుంచే యానిమేషన్ నేర్పించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (ఒక తండ్రి, దర్శి)

మా అమ్మాయి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. నోటుపుస్తకం అంచున వరుసగా బొమ్మలు గీసి, పేజీలు చకచకా తిప్పుతూ కొంగ ఎగురుతున్నట్లు చూపించడం తనంతట తానే నేర్చుకుంది. ఇప్పుడు యానిమేషన్ నేర్చుకుంటానని పట్టుబడుతోంది. ఒక శిక్షణ సంస్థవారు వేసవి సెలవుల్లో సాఫ్ట్‌వేర్ మొత్తం నేర్పుతామంటూ మా స్తోమతకు మించిన ఫీజు చెప్పారు, దానికి తోడు ఖరీదైన ల్యాప్‌టాప్ కొనాలన్నారు. ఇంటర్‌లో ఎంపీసీ తప్ప మరేది తీసుకున్నా పిల్ల భవిష్యత్తు పాడవుతుందని బంధువులు భయపెడుతున్నారు. తన ఇష్టాన్ని కాదనలేను, అలాగని అప్పు చేసి తెలియని దారిలో దిగలేను. తెలిసినవారు దయచేసి సలహా చెప్పగలరు.

సమాధానం 1 (యానిమేటర్, సొంతవూరు కావలి)

అయ్యా, ఆ ఫీజు ఇప్పుడు కట్టనవసరం లేదని నా గట్టి అభిప్రాయం. సాఫ్ట్‌వేర్‌ను తర్వాతైనా కొద్ది నెలల్లో నేర్చుకోవచ్చు. కదలికను పట్టుకోగల చూపు అలవడడానికి మాత్రం ఏళ్లు పడుతుంది, దానికి హైస్కూలు వయసును మించిన అదను లేదు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే విడివిడి నిశ్చల చిత్రాలు, నడుస్తాయి. చేత్తో గీసేటప్పుడు సాధారణంగా ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలుపుతారు కాబట్టి సెకనుకు 12 బొమ్మలు సరిపోతాయి, అంటే 5 సెకన్ల దృశ్యానికి 60 బొమ్మలు.

మీ ప్రాంతంలోనే దొరికే పాఠం ఒకటి చెబుతాను. ఒంగోలు జాతి ఎద్దు నడుస్తుండగా ఫోనుతో వీడియో తీసి, ఆపి ఆపి చూడమనండి. నింపాదిగా నడిచేటప్పుడు ఎడమ వెనకకాలు, ఎడమ ముందుకాలు, కుడి వెనకకాలు, కుడి ముందుకాలు అనే వరుసలో గిట్టలు నేలను తాకుతాయి. ఆ వరుస చేతికి వచ్చాక గంగడోలును గమనించమనండి. ఎద్దు మెడ తిప్పి ఆగినా గంగడోలు వెంటనే ఆగదు. అటూ ఇటూ ఊగి, ఆ ఊపు తీరాకే నిలుస్తుంది. వదులుగా వేలాడే భాగాలు ఒంటికన్నా ఆలస్యంగా ఆగడమన్నది యానిమేషన్‌లో చెప్పే 12 మూలసూత్రాలలో ఒకదాని కిందికి వస్తుంది. ఎద్దు నడకను నమ్మేలా గీయగలిగిన పిల్లకు మనిషి నడక కష్టం కాదు.

సమాధానం 2 (ఉపాధ్యాయురాలు, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా)

పై మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, కంప్యూటర్‌ను బొత్తిగా పక్కన పెట్టమనను. పెన్సిల్2డి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పాఠశాల ల్యాబ్‌లోని పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది. ప్రధానోపాధ్యాయులను అడిగి చూడండి. బ్లెండర్ కూడా ఉచితమే, కానీ త్రీడీ పనికి మంచి గ్రాఫిక్స్ ఉన్న యంత్రం కావాలి కాబట్టి దానికి తొందర లేదు.

ఈలోగా తోలుబొమ్మలాట పద్ధతిని ప్రయత్నించమనండి. తోలుబొమ్మలో భుజం, మోచేయి వంటి చోట్ల ముక్కలను దారంతో ముడివేస్తారు, ఆ ముడి దగ్గరే చెయ్యి తిరుగుతుంది. కంప్యూటర్‌లో కటౌట్ యానిమేషన్ చేసేవారు కూడా బొమ్మను ముక్కలుగా విడదీసి, ప్రతి కీలు దగ్గర తిరిగే బిందువును అమర్చుతారు. జర్మన్ కళాకారిణి లోటే రైనిగర్, 1926లో విడుదలైన తన పూర్తి నిడివి చిత్రాన్ని ఇలా కత్తిరించిన నల్లని ఆకారాలతోనే ఒక్కో ఫ్రేముగా తీశారు. పాత పెళ్లిపత్రికల అట్ట, సూది, దారం, స్టాప్ మోషన్ యాప్ (బొమ్మను కొద్దికొద్దిగా కదుపుతూ తీసిన ఫోటోలను వీడియోగా కలిపేది) ఉన్న ఫోను ఉంటే మీ అమ్మాయి ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. కిటికీ వెలుతురులో మాత్రం తీయవద్దు. మబ్బు కదిలినప్పుడల్లా వెలుగు మారి, చిత్రం మిణుకుమిణుకుమంటుంది. తలుపులు మూసి ఒకే బల్బు కింద తీయాలి.

కథ కోసం వెతుక్కోనవసరం లేదు. గుండె కవాటాలు తెరుచుకుని మూసుకునే తీరును సైన్సు పాఠం నుంచి తీసుకుని చేస్తే, చదువు పక్కదారి పట్టిందనే మాట కూడా రాదు.

సమాధానం 3 (డిజైన్ విద్యార్థి, నెల్లూరు)

ఇంటర్ గ్రూపు గురించి భయపడకండి. ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ విద్యాసంస్థ) ప్రవేశపరీక్షకైనా, ఐఐటీ బొంబాయి నిర్వహించే డిజైన్ ప్రవేశపరీక్ష యూసీడ్‌కైనా ఏ గ్రూపు చదివినవారైనా అర్హులే. అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ డిగ్రీ ఉంది. ఐఐటీ హైదరాబాద్ కూడా యూసీడ్ ద్వారానే డిజైన్ డిగ్రీ అయిన బీడెస్‌లో చేర్చుకుంటుంది. యూసీడ్‌లో చేత్తో బొమ్మ గీయాల్సిన భాగం ఉంటుంది కాబట్టి, రోజూ కాసేపు గీసే అలవాటును ఇంటర్‌లో కూడా మాన్పించకండి. రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పించే ముందు, బొమ్మలు గీసుకోవడానికి సమయం ఇస్తారో లేదో అడగండి. మా జిల్లాలో పిల్లల చేతి నుంచి పెన్సిల్ జారిపోయేది ఎక్కువగా ఆ రెండేళ్లలోనే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలండీ. ల్యాప్‌టాప్ ఆలోచనను పదో తరగతి పరీక్షల తర్వాతికి వాయిదా వేశాను. మా పక్కింటివారికి ఒంగోలు ఎడ్ల జత ఉంది. వీడియో ఎటువైపు నుంచి తీయమంటారు?

సమాధానం 1 (యానిమేటర్, సొంతవూరు కావలి)

సరిగ్గా పక్క నుంచి తీయాలి. ఫోనును చేత్తో పట్టుకోకుండా, ఎద్దు పొట్ట ఎత్తున ఒకచోట కదలకుండా నిలపండి. ఎద్దును ఒంటరిగా నడిపించండి, జతగా నడిపిస్తే కాళ్లు కలిసిపోయి కనిపిస్తాయి. గడ్డి ఉన్నచోట గిట్టలు కనబడవు, కళ్లం లాంటి చదును నేల మేలు.