కోత పండుగ వేలంలో పాట పెంచింది ఎవరి కోసం?

గ్రామ సంఘ సభ్యుడు:
ప్రభువు నామములో అందరికీ వందనాలు. నిరుడు గుడిలో కోత పండుగ ఆరాధన ముగిశాక, సంఘస్థులు తెచ్చిన పంట కానుకలను సంఘం కోసం వేలం వేస్తుండగా, ఒక గుమ్మడికాయ దగ్గర నాకూ మా వీధివారొకరికీ పోటీ వచ్చింది. వంద రూపాయలతో మొదలైన పాట నాలుగు వేల అయిదు వందల దగ్గర ఆగింది. నా పేరు మైకులో చదివారు, అందరూ చప్పట్లు కొట్టారు. కాయను భుజాన పెట్టుకొని ఇంటికి నడుస్తున్నప్పుడు, నేను దేవునికి ఇచ్చానా, లేక పొరుగువానిని ఓడించానా అనే ప్రశ్న మొదలై ఇంతవరకు వదలలేదు. ఉద్దేశం శుద్ధమని తేలేవరకు వేలానికి దూరంగా ఉండాలనుకుంటున్నాను. ఇది సరైనదేనా?

విశ్రాంత కోశాధికారి:
దూరంగా ఉండవద్దు. మా సంఘంలో వేలం డబ్బుతోనే గుడి కప్పు బాగుచేయించాం, ఇద్దరు విధవరాండ్రకు నెలనెలా బియ్యం ఇస్తున్నాం. కొందరు అసూయతోనూ కలహబుద్ధితోనూ సువార్త చెబుతున్నారని తెలిసి కూడా, చెరసాలలో ఉన్న పౌలు ‘మిషచేతనే గాని సత్యముచేతనే గాని’ క్రీస్తు ప్రకటింపబడుతున్నాడని సంతోషించాడు (ఫిలిప్పీ 1:18).

సండే స్కూల్ ఉపాధ్యాయురాలు:
అయ్యా, మీరు చెప్పినది సంఘానికి కలిగే మేలు. సహోదరుడు అడిగినది తన ఆత్మ సంగతి. పౌలు సంతోషించింది సువార్త వ్యాపించినందుకే గాని, చెప్పేవారి మనసును చూసి కాదు. ఆస్తి అంతా పంచిపెట్టినా ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదని రాసినవాడూ ఆయనే (1 కొరింథీ 13:3). మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు ధర్మం చేయవద్దనలేదు, మనుషులకు కనబడాలని చేయవద్దన్నాడు. అలా చేసేవారు తమ ఫలం పొందేశారన్న మాట చదివినప్పుడల్లా నాకు భయం కలుగుతుంది, ఎందుకంటే చప్పట్లతోనే ఆ లెక్క తీరిపోయినట్లు అనిపిస్తుంది.

అయినా, ఉద్దేశం శుద్ధమయ్యాకే ఇస్తాననడాన్ని నేను ఒప్పుకోలేను. హృదయం అన్నిటికంటె మోసకరమైనదని యిర్మీయా 17:9 చెబుతుంటే, ‘ఇప్పుడు శుద్ధమైంది’ అని తీర్పు చెప్పేది కూడా ఆ హృదయమే కదా! అందుకే 139వ కీర్తనలో దావీదు తన పరిశోధనను తన చేతుల్లో పెట్టుకోలేదు, నన్ను పరిశోధించి చూడుమని దేవునినే అడిగాడు.

యువజన సంఘ సభ్యుడు:
అసలు మైకులో పేర్లు చదవడం మానితే సరిపోదా?

విశ్రాంత కోశాధికారి:
పేరు చెప్పడమే పాపమైతే, పొలం అమ్మి డబ్బు తెచ్చిన బర్నబా పేరు అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో ఉండేది కాదు. ఆ వెంటనే వచ్చే అననీయ, సప్పీరా దంపతులు పొలం వెలలో కొంత దాచుకొని, ఉన్నదంతా ఇచ్చినట్లు నటించారు. అమ్మాక కూడా అది నీ వశమే కదా అన్నాడు పేతురు. తక్కువ ఇవ్వడం వారి నేరం కాదు, నటించడమే నేరం.

అయితే ఉపాధ్యాయురాలి మాట తరువాత ఒకటి గుర్తుకొచ్చి నొచ్చుకున్నాను. ఒక సంవత్సరం ఒక ముసలమ్మ కొంగులో నాలుగు నిమ్మకాయలు తెచ్చి బల్ల చివర పెట్టింది. అవి పది రూపాయలకు పోయాయి, ఆమె పేరు నేను చదవలేదు. కానుక పెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలిని ప్రభువు శిష్యులకు చూపించాడని ఎన్నిసార్లో చదివినవాడిని.

గ్రామ సంఘ సభ్యుడు:
అందరికీ కృతజ్ఞతలు. ఈసారి అంతే మొత్తం, నాలుగు వేల అయిదు వందలు, పేరు రాయని కవరులో పండుగకు ముందు ఆదివారమే కానుకల సంచిలో వేస్తాను. వేలానికీ వస్తాను. ముందుగా మా వీధివారి ఇంటికి వెళ్లి, నిరుడు నా మనసులో ఉన్నది ఆయనతో చెప్పాలి. అది నాకు డబ్బు ఇవ్వడం కంటే కష్టంగా ఉంది.