పర్యావరణ, ప్రయోగాత్మక అర్థశాస్త్రాలు రెండూ చేసిన ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీ: ముందు ఏం చదవాలి?

అందరికీ నమస్కారం. ఎంఏ ఎకనామిక్స్ పూర్తయింది. పీహెచ్‌డీకి నేను అడగాలనుకుంటున్న ప్రొఫెసర్ గారు పర్యావరణ అర్థశాస్త్రంతో మొదలుపెట్టి, తర్వాత ప్రయోగాల వైపు వచ్చారు. ఈ రెండూ కలిసే చోటే నాకు చాలా ఇష్టం. రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రోమ్‌కు 2009లో అర్థశాస్త్ర నోబెల్ తెచ్చిన ఉమ్మడి వనరుల (అడవులు, భూగర్భ జలాల్లాంటివి అందరూ కలిసి వాడుకునేవి) పరిశోధనలో క్షేత్ర పరిశీలనతో పాటు ల్యాబ్ ప్రయోగాలూ ఉన్నాయి కదా, అలాంటి పని చేయాలని ఉంది.

నా సందేహం ఇది. ఉమ్మడి నిధి ఆటలో, ఉదాహరణకు, నలుగురికి తలా 20 టోకెన్లు ఇస్తారు. ఎవరికి నచ్చినన్ని వాళ్లు ఉమ్మడి నిధిలో వేయవచ్చు; నిధిలో పడ్డది పెంచి, వేసినా వేయకపోయినా అందరికీ సమానంగా పంచుతారు. మొదటి రౌండ్లో సగటున సగం దాకా నిధిలో వేస్తారు, రౌండ్లు గడిచేకొద్దీ చేయి బిగిస్తారు. వేయకుండా లాభం పొందేవాళ్లకు జరిమానా వేసే వీలిస్తే, చాలా ప్రయోగాల్లో నిధిలో వేసేది మళ్లీ పెరిగింది. కానీ బోర్లతో నిజంగా నీళ్లు తోడుకునే రైతులూ ఇలాగే ప్రవర్తిస్తారని ఎంతవరకు నమ్మవచ్చు? ల్యాబ్‌లో పోయేది కాసిని టోకెన్లు, అక్కడ పోయేది పంట.

ఈ రంగంలో ఉన్నవాళ్లు చెప్పండి: గేమ్ థియరీ ముందు పట్టుకోవాలా, ఎకనామెట్రిక్సా? ప్రొఫెసర్ గారికి రాసే మొదటి మెయిల్‌లోనే రైతుల గురించిన ఈ ప్రశ్న పెట్టవచ్చా? తొందరపాటు అనుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.