సమస్య: తాళ్ళు తమకు తామె తట్ట నల్లె

పర్లాకిమిడి (నిర్వహణ): ఆటవెలది నాలుగో పాదమిది. విషయం డీఎన్ఏ ఒరిగామి, అంటే పొడుగాటి డీఎన్ఏ పోగును పొట్టి పోగులతో మడిచి కావలసిన ఆకారం తెప్పించే విద్య. చెయ్యి పడకుండా తట్ట ఎలా తయారైందో పద్యంలోనే తేలాలి. దేవుడి మహిమ అని దాటెయ్యకండి.

గుణుపురం:
పొడుగు పోగదొకటి పొట్టివి వందలు
వేడి చేసి పిదప చల్లబరుప
నుప్పునీటిలోన నొక్కటొక్కటి పట్టి
తాళ్ళు తమకు తామె తట్ట నల్లె

బరంపురం: ఎత్తుగడ బాగుంది గుణుపురం గారూ. మన పట్టు మగ్గం మాటల్లో పొడుగుది పడుగు, పొట్టివి పేక. 2006లో పాల్ రోథెమండ్ వాడిన పడుగు ఎం13 వైరస్‌ది, ఏడు వేల పైచిలుకు అక్షరాలు (ఏ, టీ, జీ, సీ అనే డీఎన్ఏ క్షారాలు; ఏ–టీ, జీ–సీ జంట కడతాయి). పేక పోగులు 200 పైనే, చాలామటుకు 32 అక్షరాలవి. రెండో పాదంలో యతి పోయింది, వే–చ చెల్లదు. శాస్త్రమూ అక్కడే జారింది. ఒక్కసారిగా మంచులో పెడితే తప్పు జంటలు విడిపోయే అవకాశం లేక అక్కడే ఇరుక్కుంటాయి. బల్లపరుపు ఆకారానికి 95 డిగ్రీల నుంచి 20కి రెండు గంటలు పట్టాలి, పొరలు పేర్చిన వాటికి రోజులు. ‘వేడి చేసి మెల్ల వేడి దింప’ అనండి, రెండూ కుదురుతాయి.

రాయగడ: ‘ఉప్పు’ అంటే వంట ఉప్పనుకుంటారు. మామూలుగా వేసేది మెగ్నీషియం ఉప్పు, గాఢత 12.5 మిల్లీమోలార్.
ఋణము ఋణము గన్న నెడబాసి పోవును
మధ్య ధనము నిలిచి మైత్రి గూర్ప
జంట దొరికినంత జడగట్టుకొని నిల్చి
తాళ్ళు తమకు తామె తట్ట నల్లె

బరంపురం: ఋణ, ధనాల శ్లేష అద్భుతం! డీఎన్ఏ వెన్నెముకంతా ఋణావేశమే, మెగ్నీషియంది రెండు ధనావేశాలు. ఋ–ఎ యతికి అభ్యంతరం లేదు. ‘జంట దొరికినంత’ నిజం కావాలంటే పేక ఒక్కొక్కటీ పడుగుకు అయిదు నుంచి పది రెట్లు ఉండాలి. మిగులు పేకను తర్వాత వడపోయాలి. కడిగే ద్రావణంలోనూ మెగ్నీషియం వెయ్యండి. అందులో ఈడీటీఏ (లోహ అయాన్లను పట్టేసే రసాయనం) ఉంటే తనంత మెగ్నీషియాన్నీ మింగేస్తుంది, తట్ట విడిపోతుంది.

జయపురం: ‘తట్ట’ ఏకవచనం, గమనించారా? కానీ వదిలేస్తే మొండి అంచులు ఒకదానికొకటి అతుక్కుని తట్టలన్నీ వరసగా గొలుసు కడతాయి. అంచు పేకల్ని మానెయ్యాలి, లేదా ఒక్కోదానికి నాలుగు టీ అక్షరాల తోక తగిలించాలి.

రాయగడ: నిజమే జయపురం గారూ. మూడో పాదం మారుస్తున్నా:
అంచు తోకలుంచ నంటక విడివిడి