వాక్యజ్ఞానం ఉన్నంత మాత్రాన మనసు మారినట్టేనా?

సండేస్కూల్ టీచర్ (ప్రశ్న):
సహోదరీ సహోదరులకు వందనాలు. మా సంఘంలో ఏటా జరిగే బైబిల్ క్విజ్‌కు యౌవనస్థులను నేనే సిద్ధం చేస్తాను. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం మొత్తాన్ని తడుముకోకుండా అప్పజెప్పే ఒక యువకుడు, పొలం గట్టు తగాదా వచ్చినప్పటి నుంచి సొంత అన్నతో మాట్లాడడం లేదు. రొట్టె, ద్రాక్షారసం కలిసి పంచుకునే ప్రభువు బల్ల జరిగే ఆదివారం కూడా ఇద్దరూ చెరో మూల కూర్చుంటారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1728లోనే గురువుగా అభిషేకం పొంది, మిషనరీగా కూడా వెళ్లివచ్చిన, మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీకి 1738లో గాని హృదయ మార్పు కలగలేదని ప్రసంగాల్లో వింటుంటాం. అలాగైతే పిల్లలచేత ఇంతగా కంఠస్థం చేయించడం వల్ల ప్రయోజనమేమిటి? మార్పు వచ్చిందని దేన్నిబట్టి తెలుసుకోవాలి?

మెదక్ వాసి:
వందనాలు టీచర్ గారూ. మా ఊరి పెద్ద చర్చిని కట్టించిన పాస్నెట్ దొరగారు వెస్లీ బాటలో నడిచే వెస్లియన్ సంఘపు మిషనరీయే కనుక, ఈ కథ మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. 1736 జనవరిలో వెస్లీ ఎక్కి అమెరికాలోని జార్జియాకు వెళ్తున్న ఓడ తుఫానులో చిక్కుకుని, పెద్ద తెరచాప చీలిపోయి, నీళ్లు ఓడ మీదికి పొర్లినప్పుడు ఇంగ్లీషువారు కేకలు పెడుతుంటే, మొరావియన్ సంఘానికి చెందిన జర్మన్లు మాత్రం మొదలుపెట్టిన కీర్తనను ఆపకుండా పాడారు. మీకు భయం వేయలేదా అని వెస్లీ తర్వాత అడిగితే, లేదన్నారు. మరి మీ స్త్రీలకు, పిల్లలకు అంటే, వారికీ చావంటే భయం లేదన్నారు. గ్రీకు కొత్త నిబంధన చదవగల పండితుడికి లేని నిబ్బరం ఆ వలస కుటుంబాల్లో కనిపించింది. ఆయన లోటు చదువులో లేదు.

పాత పుస్తకాల పాఠకుడు:
ఆ మాట నిజమే గాని, చదువును తక్కువ చేయనక్కర్లేదు. 1738 మే 24 సాయంత్రం లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధి కూటానికి వెస్లీ అయిష్టంగానే వెళ్లారు. అక్కడ చదువుతున్నది రోమా పత్రికకు సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన ముందుమాట, అంటే అచ్చమైన సిద్ధాంత బోధ. హృదయం వెచ్చబడినట్టు అనిపించినది అది వింటుండగానే. పైగా ప్రసంగీకులు సాధారణంగా చెప్పని సంగతి ఒకటుంది: మరుసటి సంవత్సరం జనవరిలోనే ఆయన తాను క్రైస్తవుణ్ని కానని దినచర్యలో రాసుకున్నారు. కాబట్టి ఒకనాటి అనుభూతిని కొలబద్దగా పెట్టుకుంటే వెస్లీయే అందులో నిలవరు.

సంఘపెద్ద:
మార్పును దేన్నిబట్టి తెలుసుకోవాలన్న మీ రెండో ప్రశ్నకు జవాబు ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఉందని నా అభిప్రాయం. 1742లో అక్కడి వెస్లీ అనుచరులు తమ మందిరం అప్పు తీర్చడానికి ఒక్కొక్కరు వారానికి ఒక పెన్నీ ఇవ్వాలని, పన్నెండు మందికొకరు చొప్పున నాయకులు ఇల్లిల్లూ తిరిగి వసూలు చేయాలని నిర్ణయించుకున్నారు. అలా వెళ్లినవారికి ఒక ఇంట్లో భార్యతో పోట్లాడుతున్నవాడు, మరో ఇంట్లో తాగి ఉన్నవాడు కనిపించారు. కూటంలో సాక్ష్యం చెప్పేటప్పుడు బయటపడనిది గడప దగ్గర బయటపడింది. పరామర్శ కోసం క్లాసులనే చిన్న గుంపులు ఏర్పడింది అందుకే. సువార్తలోని సుంకరి జక్కయ్య కూడా అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడే గాని, తనకేమనిపించిందో వర్ణించలేదు. మీ యువకుడి కంఠపాఠాన్ని ఆపకండి. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి ముందుగా సహోదరునితో సమాధానపడమన్న మత్తయి ఐదో అధ్యాయం అతనికి వచ్చే ఉంటుంది. వచ్చే ప్రభువు బల్లకు ముందే ఒక పెద్దను అతని ఇంటికి, మరొకరిని అన్న ఇంటికి పంపమని అయ్యగారిని అడగండి.

సండేస్కూల్ టీచర్:
కృతజ్ఞతలు. అన్న కూడా మా సంఘస్థుడే కనుక పెద్దలు వెళ్లగలరు. అయితే సర్వేయరు వచ్చి గట్టు తేల్చేదాకా మాటల్లేవని ఇద్దరూ అంటున్నారు. కొలతలయ్యేదాకా ఆగాలా, ముందే వెళ్లాలా?

సంఘపెద్ద:
ముందే వెళ్లండి. కొలతలయ్యాక ఓడినవాడు తలుపు తీయడు.